లెక్క చేయడం ఒక పని, రాయడం ఇంకో పని: నిరూపణలు రాసే గణిత పోటీలకు తయారవడం ఎలా

పదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి ఒక గణిత పోటీకి సాధనలు రాసి పంపాను. ఐదు లెక్కలు. ఐదింటికీ జవాబులు సరిగ్గానే వచ్చాయి కాబట్టి ఫలితాల గురించి పెద్దగా బెంగ పెట్టుకోలేదు. కాగితాలు తిరిగొచ్చాక చూస్తే ఒక లెక్కకి 5కి 1 పడింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక్కటే మాట: "ఎందుకు?"

కోపమొచ్చింది. జవాబు 3 అని రాశాను, అసలు జవాబూ 3. ఇంకా ఎందుకేమిటి? ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకోవడానికి నాకు ఇంకో రెండు పోటీలు పట్టింది. కొన్నేళ్ల తర్వాత నేనే పేపర్లు దిద్దే వైపు కూర్చున్నాను. అప్పుడు పూర్తిగా బోధపడింది. దిద్దేటప్పుడు ఎదురుగా పిల్లవాడు ఉండడు, కాగితం ఉంటుంది. వాడి బుర్రలో ఎంత చక్కటి ఆలోచన మెరిసినా, కాగితం మీద లేకపోతే మార్కు వేయడానికి చోటుండదు.

ఈ రకం పోటీలకు కొత్తగా దిగుతున్న హైస్కూలు పిల్లల కోసం, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు వరసగా రాస్తున్నాను.

ముందు పోటీ నియమాలు చదవండి

చాలామంది ఈ పని చేయరు. నిరూపణలు రాసే పోటీలన్నీ ఒకేలా ఉండవు, మీరు సమయాన్ని ఎలా వాడాలన్నది నియమాలను బట్టే ఉంటుంది.

ఒక రకం హాల్లో కూర్చుని రాసేది. అందరికీ తెలిసిన ఉదాహరణ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్. 1959లో రుమేనియాలో మొదలైంది. రెండు రోజులు జరుగుతుంది, రోజుకు మూడు లెక్కలు, నాలుగున్నర గంటలు. లెక్కకి 7 మార్కుల చొప్పున మొత్తం 42. రెండో రకం ఇంటి దగ్గర తీరిగ్గా చేసి పంపేది. హంగరీలో 1894లో మొదలైన కోమల్ పత్రిక నెలనెలా లెక్కలు అచ్చువేసి, బడి పిల్లల నుంచి సాధనలు తెప్పించుకునేది. అమెరికాలో 1989లో మొదలైన యూఎస్ఏఎంటీఎస్ (యూఎస్ఏ మ్యాథమెటికల్ టాలెంట్ సెర్చ్) పోటీది కూడా ఇదే పద్ధతి. ఒక్కో రౌండుకి ఐదు లెక్కలు, లెక్కకి 5 మార్కులు, గడువు వారాల్లో ఉంటుంది. పుస్తకాలు తిరగేయవచ్చు, కంప్యూటర్ వాడుకోవచ్చు, ఇంకొకరి సాయం మాత్రం తీసుకోకూడదు.

1980లో సోవియట్ యూనియన్‌లో మొదలైన టోర్నమెంట్ ఆఫ్ టౌన్స్‌లో ఇంకో విశేషం ఉంది. మీరు ఎన్ని లెక్కలు చేసినా, బాగా వచ్చిన మూడింటి మార్కులే లెక్కలోకి తీసుకుంటారు. ఈ సంగతి తెలియని పిల్లాడు ఐదింటినీ సగం సగం రాస్తాడు. తెలిసినవాడు మూడు పట్టుకుని వాటినే చెక్కుతాడు.

కాబట్టి మీరు రాయబోయే పోటీలో ఎన్ని లెక్కలు, ఎంత సమయం, ఏవి వాడవచ్చు, సగం సాధనకి మార్కులుంటాయా అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒలింపియాడ్‌లో అయితే ప్రశ్న అర్థం కాకపోతే మొదటి అరగంటలోగా రాతపూర్వకంగా అడగవచ్చు. అలాంటి వీలు మీ పోటీలో కూడా ఉంటే మొహమాటపడకుండా వాడుకోండి.

ప్రశ్న ఏం అడుగుతోందో మీ మాటల్లో రాయండి

నా 5కి 1 కథ ఇక్కడిదే. లెక్క ఇది: ఒక ప్రధాన సంఖ్యకి 2 కలిపినా, 4 కలిపినా మళ్లీ ప్రధాన సంఖ్యలే రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలన్నీ కనుక్కోండి.

నేను 3తో మొదలుపెట్టాను. 3, 5, 7 మూడూ ప్రధాన సంఖ్యలే. తర్వాత 100 దాకా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను, ఏదీ కుదరలేదు. "కాబట్టి జవాబు 3 మాత్రమే" అని గీత గీసేశాను. మరి 100 తర్వాత సంగతి? ఎర్ర సిరా అడిగింది అదే.

"అన్నీ కనుక్కోండి" అనే ప్రశ్నలో రెండు ప్రశ్నలుంటాయి. మీరు చెప్పినవి పనికొస్తాయా? అవి తప్ప ఇంకేవీ పనికిరావా? రెండో దానికి జవాబు ఇలా ఉండాలి:

"ఏ సంఖ్యనైనా 3తో భాగిస్తే శేషం 0, 1, 2లలో ఒకటి. శేషం 1 అయితే, 2 కలిపిన సంఖ్య 3కి గుణిజం అవుతుంది. శేషం 2 అయితే, 4 కలిపిన సంఖ్య 3కి గుణిజం అవుతుంది. మనం తీసుకున్నది ప్రధాన సంఖ్య కాబట్టి కనీసం 2, అందువల్ల కలిపాక వచ్చేది 3 కంటే పెద్దది. 3 కంటే పెద్దదై 3కి గుణిజమైనది ప్రధాన సంఖ్య కాదు. కాబట్టి ఈ రెండు సందర్భాలూ కుదరవు. శేషం 0 అయితే ఆ ప్రధాన సంఖ్య 3 అయి తీరాలి. 3, 5, 7 మూడూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి 3 సరిపోతుంది. జవాబు: 3 మాత్రమే."

ఇందులో "కనీసం 2" అన్న వాక్యం చూడండి. చాలామంది "3కి గుణిజం కాబట్టి ప్రధాన సంఖ్య కాదు" అని రాసి ముందుకు పోతారు. కానీ 3 కూడా 3కి గుణిజమే, ప్రధాన సంఖ్యే! ఆ ఒక్క వాక్యం లేకపోతే ఒక మార్కు పోవచ్చు. అదే కదా అని వదిలేసే చోటే మార్కు జారుతుంది.

"గరిష్ఠంగా ఎన్ని?" అన్న ప్రశ్నకీ రెండు ముఖాలు ఉంటాయి. 8×8 చదరంగం బల్ల మీద ఒకదాన్నొకటి చంపుకోకుండా గరిష్ఠంగా ఎంతమంది రాజులను పెట్టవచ్చు? జవాబు 16. 16 మందిని ఎలా పెట్టాలో చూపించడం సగం పని. బల్లని పదహారు 2×2 చదరాలుగా విడగొట్టి, ప్రతి చదరంలో ఎడమ పై గడిలో ఒకణ్ని పెడితే సరి. 17 మందిని ఎందుకు పెట్టలేమో చెప్పడం మిగతా సగం. ఒకే 2×2 చదరంలో ఇద్దరుంటే వాళ్లు పక్కపక్కనో మూలగానో తగులుతారు, కాబట్టి చదరానికి ఒక్కడే. పిల్లలు సాధారణంగా మొదటి సగం బొమ్మ గీసి, "ఇంతకంటే ఎక్కువ పట్టరు, చోటు లేదు" అని రాస్తారు. చోటు లేనిది వాళ్లు పెట్టిన అమరికలో. వేరే అమరికలో ఉండవచ్చుగా!

చిత్తు కాగితం దగ్గర పిసినారితనం వద్దు

లెక్క దొరకబుచ్చుకోవడం ఎలాగన్నది వేరే పెద్ద కథ, ఇక్కడ దాని జోలికి పోను. ఒక్కటి మాత్రం చెబుతాను. చిత్తు పని కొట్టేయకండి, చెరిపేయకండి. చిన్న సంఖ్యలతో ప్రయత్నించిన ప్రతిదీ అలాగే ఉంచండి. ఇంటి దగ్గర చేసే పోటీల్లో అయితే కాగితం మీద తేదీ వేయండి. పదో రోజు మళ్లీ కూర్చున్నప్పుడు, మూడో రోజు వదిలేసిన దారే సరైనదని తేలిన సందర్భాలు నాకు బోలెడున్నాయి.

ఒక సాధనని దగ్గర నుంచి చూద్దాం

ఒక విందుకి 30 మంది వచ్చారు. కొందరు కొందరితో కరచాలనం చేశారు, ఏ జతా రెండుసార్లు చేయలేదు. సరిగ్గా ఒకే సంఖ్యలో కరచాలనాలు చేసిన ఇద్దరు తప్పక ఉంటారని నిరూపించండి.

నేను దిద్దిన పేపర్లలో తరచుగా కనబడే రాత ఇలా ఉంటుంది: "ఒక్కొక్కరు 0 నుంచి 29 దాకా ఎన్ని కరచాలనాలైనా చేసి ఉండవచ్చు. మొత్తం 30 మంది ఉన్నారు. కాబట్టి పావురాల గూళ్ల సూత్రం ప్రకారం ఇద్దరికి ఒకే సంఖ్య వస్తుంది."

చదవడానికి బాగుంది. సూత్రం పేరు కూడా ఉంది: గూళ్ల కంటే పావురాలు ఎక్కువైతే, ఏదో ఒక గూటిలో కనీసం రెండు ఉండి తీరాలన్నదే ఆ సూత్రం. కానీ 0 నుంచి 29 దాకా లెక్కపెట్టండి: 30 గూళ్లు. పావురాలు 30. ఒక్కో గూటిలో ఒక్కో పావురం హాయిగా సర్దుకుంటుంది! నిరూపణ ఇక్కడే కూలిపోయింది. రాసిన పిల్లకి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే సూత్రం పేరు రాసిన తర్వాత గూళ్లు లెక్కపెట్టలేదు.

ఇప్పుడు నిలబడే రాత:

"ఒకరు చేసిన కరచాలనాల సంఖ్యను వారి అంకం అందాం. ఎవరూ తమతో తాము కరచాలనం చేయరు, ఒకే జత రెండుసార్లు చేయదు. కాబట్టి ప్రతి అంకం 0 నుంచి 29 దాకా ఉన్నవాటిలో ఒకటి. ఎవరి అంకమైనా 29 అయితే, ఆ వ్యక్తి మిగతా అందరితోనూ కరచాలనం చేసినట్టు. అప్పుడు ఎవరి అంకమూ 0 కాదు. అంటే 0, 29 రెండూ ఒకే విందులో రావు. కాబట్టి ఆ విందులో కనిపించే వేర్వేరు అంకాలు 29కి మించవు. మనుషులు 30 మంది. పావురాల గూళ్ల సూత్రం ప్రకారం కనీసం ఇద్దరి అంకాలు సమానం."

తొమ్మిది వాక్యాలు. ఇక్కడ మూడు సంగతులు గమనించండి. మొదటి వాక్యంలోనే ఒక పేరు పెట్టుకున్నాం, ఆ తర్వాత "కరచాలనాల సంఖ్య" అని పదేపదే రాయాల్సిన పని తప్పింది. ప్రశ్నలో ఇచ్చిన నియమాలు ఎక్కడ వాడామో అక్కడే చెప్పాం. సూత్రం పేరు రాసే ముందు పావురాలెన్నో, గూళ్లెన్నో రెండూ కాగితం మీద పెట్టాం.

సాధన పొడుగ్గా ఉంటే గట్టిగా ఉన్నట్టు కాదు. 2005 ఒలింపియాడ్‌లో మూడో లెక్క ఒక అసమీకరణం, మూడు భిన్నాలకు మూడు వేర్వేరు హారాలు. మోల్డోవాకి చెందిన యూరీ బొరైకో ఒక్కో భిన్నాన్నీ దానికంటే పెద్దది కాని ఇంకో భిన్నంతో మార్చి, మూడింటి హారాల్లోనూ ఒకే మొత్తం వచ్చేలా చేశాడు. మిగతాది కొన్ని పంక్తుల పని. ఆ సాధనకి ప్రత్యేక బహుమతి ఇచ్చారు.

దిద్దేవాళ్ల పెన్ను ఎక్కడ ఆగుతుంది

"స్పష్టంగా" అన్న మాట దగ్గర ఆగుతుంది. ఇది నా పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు. నేను పేపర్ తీసుకోగానే ముందు "స్పష్టంగా", "తేలిగ్గా తెలుస్తుంది" అన్న మాటలు వెతుకుతాను. రంధ్రం ఉంటే చాలాసార్లు సరిగ్గా ఆ మాట కిందే ఉంటుంది. మీరు ఆ మాట రాసినప్పుడల్లా ఆగి, దాన్ని కొట్టేసి, కారణం ఒక వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. వాక్యం తేలిగ్గా వస్తే మంచిదే, ఉంచండి. రాకపోతే అది స్పష్టం కాదన్నమాట.

"సాధారణత్వానికి భంగం లేకుండా" అన్నది ఇంకో చోటు. మూడు సంఖ్యలున్నాయి, మొదటిది అన్నిటికంటే పెద్దది, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది అనుకుందాం అంటారు. మూడింటి స్థానాలు ఎలా తారుమారు చేసినా ప్రశ్న మారకపోతే అలా అనుకోవచ్చు. కానీ "మొదటిదాన్ని రెండోదానితో, రెండోదాన్ని మూడోదానితో, మూడోదాన్ని మొదటిదానితో భాగించి కలపండి" అన్నలాంటి మొత్తంలో కేవలం రెండింటి స్థానాలు మార్చితే మొత్తమే మారిపోతుంది. అక్కడ చుట్టూ తిప్పడం వరకే కుదురుతుంది. "మొదటిది అన్నిటికంటే పెద్దది" అనుకోవచ్చు, మిగతా రెండింటి వరస మాత్రం మీ ఇష్టం కాదు. రెండు సందర్భాలూ రాయాలి.

నిరూపించాల్సినదాని నుంచే మొదలుపెట్టి, నిజమైన వాక్యం వచ్చేదాకా లాక్కెళ్లి "కాబట్టి నిజం" అనడం మూడో చోటు. 1, -1 సమానం అనుకోండి. రెండు వైపులా వర్గం చేయండి. 1, 1 సమానం అని వస్తుంది. చివరి వాక్యం నిజమే, మరి మొదటిదో? చిత్తు కాగితం మీద వెనక నుంచి ముందుకి వెళ్లడంలో తప్పేం లేదు, అసమీకరణాలకి అందరం అలాగే చేస్తాం. ఫెయిర్ కాపీలో మాత్రం తిరగేసి, తెలిసినదాని నుంచి కావలసినదాకా రాయండి. తిరగేసేటప్పుడు ఏదో ఒక మెట్టు దగ్గర కాలు జారితే, నిరూపణలో తప్పు అక్కడే ఉందని తెలిసిపోతుంది.

జ్యామితిలో బొమ్మ మోసం చేస్తుంది. మీరు గీసింది అల్పకోణ త్రిభుజం, పరివృత్త కేంద్రం లోపల పడింది, రెండు కోణాలు కూడితే మూడోది వచ్చింది. అధికకోణ త్రిభుజంలో ఆ కేంద్రం బయట పడుతుంది, కూడిక కాస్తా తీసివేత అవుతుంది. ప్రశ్నలో "అల్పకోణ" అని లేకపోతే రెండో బొమ్మ కూడా గీయండి, లంబకోణం వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. బొమ్మ పెద్దదిగా, స్కేలుతో, బిందువులు విడివిడిగా కనబడేలా ఉండాలి. బొటనవేలంత బొమ్మలో ఎనిమిది బిందువులు ఇరికించిన పేపర్లు దిద్దీ దిద్దీ కళ్లు పోయాయి.

గణితానుగమనంతో (మొదటి సంఖ్యకి నిజమని చూపి, ఒక సంఖ్యకి నిజమైతే తర్వాతిదానికీ నిజమని చూపే పద్ధతి) చేస్తే మొదటి మెట్టు రాయడం మర్చిపోకండి. దాని నుంచి రెండో మెట్టుకి వెళ్లే వాదన నిజంగా పనిచేస్తోందా అన్నది కూడా విడిగా చూడండి. ఒక్క గుర్రమే ఉంటే రంగు ఒకటే అని మొదలుపెట్టి, ఎన్ని ఉన్నా అంతేనని తేల్చే "గుర్రాలన్నీ ఒకే రంగు" అనే పాత పరిహాసపు నిరూపణ ఒకటుంది, అది కూలేది సరిగ్గా ఒకటి నుంచి రెండుకి వెళ్లే చోటే.

పేరున్న సిద్ధాంతాలని పేరు చెప్పి వాడుకోవచ్చు. అయితే దాని షరతులు మీ లెక్కలో సరిపోతున్నాయని ఒక ముక్క రాయండి. ప్రశ్న మొత్తాన్ని ఒక్క దెబ్బకి మింగేసే, ఎవరికీ పెద్దగా తెలియని సిద్ధాంతం ఎక్కడో దొరికితే, దాన్ని ఊరికే ఉదహరించడం ప్రమాదం. దాని నిరూపణ కూడా రాసేయండి.

లెక్క సగంలో ఆగిపోతే

ఇది దాదాపు అందరికీ జరిగేదే. ఒలింపియాడ్‌లో పతకం రాకపోయినా, ఒక్క లెక్కకైనా 7కి 7 తెచ్చుకున్నవాళ్లకి గౌరవ ప్రస్తావన పత్రం ఇస్తారు, 1988 నుంచి. దీన్ని బట్టే నిర్వాహకులు దేనికి విలువిస్తారో అర్థమవుతుంది. హాల్లో ఇంకో గంట మిగిలి ఉంటే, కొత్త లెక్క తెరవడం కంటే దాదాపు పూర్తయిన లెక్కని పూర్తి చేయడమే నా సలహా.

పూర్తి కానిది పూర్తయినట్టు నటించకండి. మధ్యలో ఒక మెట్టు రాలేదనుకోండి, "ఈ వాక్యాన్ని నిరూపించలేకపోయాను. ఇది నిజమైతే మిగతాది ఇలా వస్తుంది" అని నేరుగా రాయండి. దిద్దేవాళ్లు పట్టుకోలేరని ఆ రంధ్రాన్ని పెద్ద పెద్ద మాటలతో కప్పితే, పట్టుబడ్డాక మిగతా పేజీలన్నీ అనుమానంగానే చదువుతారు. ఒక ప్రత్యేక సందర్భం నిరూపిస్తే అది ప్రత్యేక సందర్భమని శీర్షిక పెట్టండి. మార్కులు ఇవ్వదగ్గ ముక్కలు విడివిడిగా, కనబడేలా ఉండాలి.

ఫెయిర్ కాపీ

మూడు లెక్కలకి నాలుగున్నర గంటలుంటే, లెక్క దొరికిన వెంటనే రాసేయండి. అన్నీ అయ్యాక చివర్లో రాద్దాం అనుకుంటే ఆ చివర ఎప్పుడూ రాదు. ఇంటి దగ్గర చేసేవాటికి సరిగ్గా దీనికి వ్యతిరేకం: రాశాక రెండు రోజులు పక్కన పెట్టండి. మూడో రోజు అది ఎవరో రాసిన పేపర్ అనుకుని, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని చదవండి. ప్రతి వాక్యం దగ్గరా "ఎందుకు?" అని అడగండి. జవాబు అంతకు ముందు వాక్యంలోనో, ప్రశ్నలోనో కనబడాలి. కనబడకపోతే అక్కడ ఒక వాక్యం తక్కువైంది.

ప్రతి లెక్క కొత్త పేజీలో మొదలుపెట్టండి. పేజీ పైన లెక్క నంబరు, "3లో 2వ పేజీ" అన్నట్టు పేజీ నంబరు వేయండి. ఫోటో తీసి పంపేటప్పుడు మీ చెయ్యి నీడ కాగితం మీద పడకుండా చూసుకోండి, పెన్సిల్‌తో రాసినది ఫోటోలో తేలిపోతుంది. పంపాక ఆ ఫైలుని మీరే ఒకసారి తెరిచి చివరి పేజీ దాకా చూడండి. రెండో పేజీ లేకుండా వచ్చిన సాధనలు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను.

ఇక మీరు రాయాల్సిన లెక్క ఒకటి. బల్ల 7×7. ఒకదాన్నొకటి చంపుకోకుండా గరిష్ఠంగా ఎంతమంది రాజులు? జవాబు నేనే చెప్పేస్తున్నాను: 8×8కి వచ్చిన 16 దీనికీ వస్తుంది. బల్ల చిన్నదైనా సంఖ్య తగ్గలేదు. అమరిక ఏమిటో, 7ని రెండేసిగా విడగొట్టలేనప్పుడు చదరాలు ఎలా చేయాలో, అంచున మిగిలిన ముక్కల్లో కూడా ఒక్కడే ఎందుకు పడతాడో కాగితం మీద పెట్టండి. పది వాక్యాలు దాటకూడదు.